"కలిపేదా, తీసేసేదా?" అని అడగకుండా పిల్లలకు లెక్క నేర్పడం ఎలా

తెలంగాణ సరిహద్దులో ఉన్న మహారాష్ట్ర ఊరు సిరొంచలో మా అరుగు మీద సాయంత్రం కూర్చునే పిల్లలు కొత్తగా వచ్చినప్పుడు అడిగే మొదటి మాట ఒకటే. "గురూజీ, ఇది కలిపేదా, తీసేసేదా?" లెక్కలో ఎవరు ఏం చేశారో, చివరికి ఏం కనుక్కోవాలో వాళ్లకు పట్టదు. రెండు అంకెలు కనబడ్డాయి, వాటి మధ్య ఏ గుర్తు పెట్టాలో పెద్దాయన చెబితే చాలు, చకచకా చేసేస్తారు. జిల్లా పరిషత్ బడిలో నౌకరీ అయిపోయాక కూడా నేను పిల్లల్ని కూర్చోబెట్టుకుంటున్నది ఈ ప్రశ్న మాన్పించడానికే. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలున్న తల్లిదండ్రులు, ట్యూషన్ చెప్పేవాళ్లు ఇంట్లో చేయగలిగిన పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఖర్చేమీ లేదు. గుప్పెడు చింతగింజలు, ఒక సుద్దముక్క ఉంటే చాలు.

ఈ అలవాటు పిల్లలకు బళ్లోనూ ఇంట్లోనూ పెద్దవాళ్ల నుంచే వస్తుంది. "మొత్తం" అని ఉంటే కూడిక, "మిగిలింది" అని ఉంటే తీసివేత అని చిట్కా చెబుతారు. మా దగ్గర పిల్లలు మరాఠీ మాధ్యమంలో చదువుతారు కాబట్టి "ఏకూణ్" (మొత్తం) కనబడితే బేరీజ్ (కూడిక), "శిల్లక్" (మిగిలింది) కనబడితే వజాబాకీ (తీసివేత). ఆ చిట్కా ఎక్కడ బోర్లాపడుతుందో చూడండి.

"స్వాతి దగ్గర కొన్ని గోళీలున్నాయి. తమ్ముడికి 8 ఇస్తే 15 మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి?"

"మిగిలాయి" అని ఉంది కదా అని పిల్లవాడు 15లోంచి 8 తీసి 7 అంటాడు. ఇచ్చేశాకే 15 ఉంటే, ఇవ్వకముందు 7 ఎలా ఉంటాయి? కథను కళ్లముందు పెట్టుకున్న పిల్లలెవరూ ఆ జవాబు చెప్పరు. జవాబు 23.

ఇది మన ఊళ్ల సమస్యే అనుకోకండి. 1979లో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో రెండు మూడు తరగతుల ఈడు పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: "ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. ఓడ కెప్టెన్ వయసెంత?" 97 మందిలో 76 మంది ఉన్న అంకెలతోనే ఏదో చేసి కెప్టెన్‌కు ఒక వయసు కట్టేశారు. వాళ్లు తెలివిలేని పిల్లలేం కాదు. లెక్క అన్నాక జవాబు ఉండి తీరాలని, ఉన్న అంకెలన్నీ వాడి తీరాలని వాళ్ల మనసులో నాటుకుపోయింది.

ముందు అంకెలు లేకుండా చెప్పండి

నేను మొదలుపెట్టేది ఇక్కడ. లెక్కలోంచి అంకెలు తీసేసి కథ మాత్రమే చెబుతాను. మా వైపు అందరికీ తెలిసిన మిరపచేను కథే తీసుకోండి.

"లక్ష్మక్క పొద్దున కొన్ని కిలోల మిరపకాయ ఏరింది. మధ్యాహ్నం ఎండకు పొద్దుటికంటే తక్కువ ఏరింది. రోజు మొత్తం మీద ఎంత ఏరింది?"

ఇక్కడ ఆగండి. "కథ నువ్వు చెప్పు" అనండి. పుస్తకంలో ఉన్నట్టు కాకుండా ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పనివ్వండి. "పొద్దుగాల్ల ఎక్కువ ఏరింది, పగటాల తక్కువ ఏరింది, రెండూ కలిపి ఎంతని అడుగుతున్నరు" అని వాడి నోట వస్తే సగం పనైనట్టే. తరువాత, "నీకు ఇంకా ఏం తెలిస్తే చెప్పగలవు?" అని అడగండి. "పొద్దుగాల్ల ఎంత ఏరింది? పగటాల ఎంత తక్కువైంది?" అని అంకెలు వాళ్లే అడుగుతారు. అడిగి తెచ్చుకున్న అంకె దేనిదో పిల్లలు మరిచిపోరు.

అప్పుడు చెప్పండి: పొద్దున 28 కిలోలు. మధ్యాహ్నం దానికంటే 9 కిలోలు తక్కువ.

చేతివేళ్లు ఆడకముందే ఇంకో ప్రశ్న వేయండి. "మొత్తం 28 కంటే ఎక్కువ ఉంటుందా, తక్కువా?" పొద్దున ఒక్కపూటే 28 ఏరింది కాబట్టి ఎక్కువే ఉండాలి. "మధ్యాహ్నం కూడా పొద్దుటంత ఏరి ఉంటే?" 56 అయ్యేది. అంటే జవాబు 28కి పైన, 56కి కింద ఉండాలి. ఈ హద్దులు గీసుకున్న పిల్లలు 19 అని రాసి ఊరుకోరు, ఎందుకంటే 19 హద్దుల్లో లేదు. అది మధ్యాహ్నం ఏరింది మాత్రమే.

మరి 37 అన్న పిల్లవాణ్ని ఏం చేయాలి? 28కి 9 కలిపాడు, 37 హద్దుల్లోనే ఉంది. "తప్పు" అనకండి. "సరే, నీ 37లో పొద్దుటివి 28. మరి మధ్యాహ్నానివి ఎన్ని?" అని అడగండి. "తొమ్మిది" అంటాడు. "తొమ్మిది ఏరిందా, తొమ్మిది తక్కువ ఏరిందా?" నేను చూసినంతలో చాలామంది పిల్లలు ఇక్కడ తలెత్తి, సుద్దముక్క అడిగి తీసుకుని, తామే చెరిపేస్తారు. 28లోంచి 9 పోతే 19, రెండూ కలిపితే 47.

ఒక్క లెక్కకు ఇంతసేపా అని మీకనిపించవచ్చు. అవును, ఇంతసేపే. రోజుకు ఒక లెక్క, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. ఇరవై లెక్కల అభ్యాస పత్రం గబగబా పూర్తిచేయించడం కంటే ఇదే మేలని నేను గట్టిగా నమ్ముతాను. ఎక్కాలు, కూడికల వేగం కోసం వేరే సమయం పెట్టుకోండి. అవీ కావాలి, కానీ ఈ రెండింటినీ ఒకే కూర్చోడంలో కలపకండి.

గింజలు, తరువాత గీతలు, తరువాత గుర్తులు

చిన్న పిల్లలకు చింతగింజలతోనే కథ ఆడించండి. రెండో తరగతి దాటాక నేల మీద అడ్డపట్టీలు గీయడం నేర్పండి. లక్ష్మక్క లెక్కకు పైన ఒక పొడుగు పట్టీ, దాని మీద 28. దాని కిందనే, ఎడమ అంచు సరిగ్గా కలిసేలా, కొంచెం పొట్టి పట్టీ. పొట్టి పట్టీ చివర ఖాళీ జాగాలో చుక్కలగీత పెట్టి 9 అని రాయాలి. ఆ 9 పట్టీలో భాగం కాదని కంటికే కనబడుతుంది. ఈ పట్టీల పద్ధతిని సింగపూర్ బళ్లలో 1980ల నుంచి వాడుతున్నారు. వస్తువు చేత్తో పట్టుకోవడం, బొమ్మలో చూడడం, గుర్తుల్లో రాయడం అనే మూడు మెట్లను జెరోమ్ బ్రూనర్ అనే మనస్తత్వవేత్త 1966 నాటికే వివరించాడు.

పట్టీలు కొలతకు సరిపోవాలని పట్టుబట్టకండి. ఏది పొడుగు, ఏది పొట్టి అన్నది సరిగా ఉంటే చాలు.

సంఖ్య పలకడంలో వచ్చే చిక్కు

మా సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఇంకో బరువు ఉంది, తెలుగు ఇంట్లో పుట్టి మరాఠీ బళ్లో చదివే ప్రతి బిడ్డకూ ఉంటుంది. తెలుగులో నలభై ఐదు అంటే నలభై ముందు, ఐదు తరువాత, రాసేది కూడా అదే వరుస. మరాఠీలో పంచేచాళీస్. ఐదు ముందు వినబడుతుంది, నలభై తరువాత. విన్న వరుసలో రాసి 54 పెట్టే పిల్లలు ప్రతి ఏడూ ఉంటారు. దానికి తోడు మరాఠీ పుస్తకంలోని ఒకటి అంకె, మనం మామూలుగా రాసే 9కి దగ్గరగా ఉంటుంది. ఇలాంటి బిడ్డకు లెక్క రాదని అనేయడం అన్యాయం. లెక్క వచ్చు, సంఖ్య తలకిందులైంది.

2019లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో "వీస్ ఏక్" (ఇరవై ఒకటి), "సాఠ్ దోన్" (అరవై రెండు) అని పదులు ముందు పలికే పద్ధతిని కూడా ఇచ్చారు. రాష్ట్రమంతా పెద్ద చర్చే నడిచింది. బాలభారతి గణిత కమిటీకి అధ్యక్షత వహించిన మంగళా నార్ళీకర్ దాన్ని సమర్థిస్తూ, దక్షిణాది భాషల్లో ఇలాగే పలుకుతారని గుర్తుచేశారు. మన పిల్లలకు ఆ వరుస ఇంట్లోనే ఉంది కదా, వాడుకోండి. లెక్క తెలుగులో ఆలోచించనివ్వండి, గింజలు పదుల కుప్పలుగా పెట్టి తెలుగులో చెప్పించండి, ఆ తరువాత అదే సంఖ్యను మరాఠీలో చెప్పించండి. రెండు పేర్లూ ఒకే కుప్పకు అతుక్కోవాలి.

మరాఠీ పేర్లలో ఒక మంచి సదుపాయం కూడా ఉంది. 59ని ఏకోణసాఠ్ అంటారు, అరవైకి ఒకటి తక్కువని. దీన్ని నోటిలెక్కకు వాడుకోండి. వస్తువు ధర 59 రూపాయలు, నాలుగు కొనాలి. ఏకోణసాఠ్ నాలుగుసార్లు అంటే, నాలుగు అరవైలు 240, ఒక్కోదానికి ఒకటి చొప్పున నాలుగు తగ్గితే 236. కాగితం అక్కర్లేదు.

ఒక కథను మూడు వైపుల నుంచి అడగండి

మేలో తునికాకు (బీడీలు చుట్టే ఆకు) కాలం వస్తుంది. ఇంటిల్లిపాదీ చీకటితోనే అడవికి పోయి, మధ్యాహ్నం నుంచి కట్టలు కడతారు. పిల్లలందరికీ చేతనైన పని, కాబట్టి లెక్కకు బంగారంలాంటి సరుకు.

"అవ్వ 35 కట్టలు కట్టింది, అక్క 20 కట్టింది. మొత్తం ఎన్ని?" ఇది అందరూ చేస్తారు. "అవ్వ 35 కట్టింది. అక్క కూడా కట్టాక మొత్తం 55. అక్క ఎన్ని కట్టింది?" ఇక్కడ కొందరు 35కు 55 కలిపి 90 అంటారు. "అవ్వ కొన్ని కట్టింది, అక్క 20 కట్టాక 55 అయ్యాయి. అవ్వ ఎన్ని కట్టింది?" మొదటిదే తెలియని ఈ మూడోది అన్నిటికంటే కష్టం. పుస్తకాల్లో మొదటి రకమే ఎక్కువ కనబడుతుంది కాబట్టి రెండు, మూడు రకాలు మీరే తయారుచేసుకోవాలి. అంకెలు అవే ఉంచి, ఖాళీ మాత్రం జరపండి.

మూడు, నాలుగు తరగతుల వాళ్లకు ఇదే తునికాకుతో మంచి లెక్క ఉంది. మహారాష్ట్రలో కట్టకు 70 ఆకులు. నది దాటి తెలంగాణలోకి పోతే కట్టకు 50. "ఇక్కడి 5 కట్టలు విప్పి అక్కడి లెక్కన కడితే ఎన్ని కట్టలవుతాయి?" 5 ఇంటూ 70 అంటే 350 ఆకులు. 350లో 50లు ఏడు. కాబట్టి ఇక్కడి 5, అక్కడి 7 సమానం.

జవాబు రాగానే పలక పక్కన పెట్టనివ్వకండి. అసలు ఆలోచన ఇప్పుడే మొదలవుతుంది. "ఆకు మిగలకుండా సరిపోయే ఇంకో సంఖ్య చెప్పు." 10 కట్టలకు 14 అని కొందరు, 15కు 21 అని ఇంకొందరు చెబుతారు. "4 కట్టలు విప్పితే?" 280 ఆకులు, 5 కట్టలు కట్టాక 30 ఆకులు మిగులుతాయి. "6 విప్పితే?" 420 ఆకులు, 8 కట్టలు, 20 ఆకులు మిగులు. "అయితే ఏ సంఖ్యలకు మిగలదు?" ఐదు, పది, పదిహేను అని వరుస వాళ్లకే కనబడుతుంది. ఎందుకు ఐదులకే అని అడిగి వదిలేయండి. మర్నాడు వచ్చి, "ఒక్క కట్టలో 20 ఎక్కువున్నయ్ గద గురూజీ, ఐదు కట్టల్ల ఎక్కువున్నయి కలిపితే 100, గవి రెండు కట్టలైతయ్" అని చెప్పే పిల్ల ఉంటుంది. అలాంటి మాట విన్న రోజు నాకు పండగే.

భాగాహారంలో మిగిలింది ఏం చేయాలి

48ని 9తో భాగిస్తే 5 వచ్చి 3 మిగులుతుంది. ఇంతవరకు పిల్లలు బాగానే చేస్తారు. జవాబేమిటి అంటే మాత్రం "5, శేషం 3" అని అన్నిటికీ అదే రాస్తారు. ఒకే భాగాహారానికి వేర్వేరు కథలు ఒకే రోజు ఇవ్వండి.

గోదావరి మీద వంతెన రాకముందు కాళేశ్వరం గుడికి పోవాలంటే నాటుపడవే. ఒక పడవలో 9 మంది పడతారు, రేవులో 48 మంది ఉన్నారు. పడవ ఎన్నిసార్లు తిరగాలి? 6 సార్లు. 5 అని రాస్తే ముగ్గురు ఈ ఒడ్డునే ఉండిపోతారు.

48 లడ్డూలున్నాయి, డబ్బాకు 9 పెట్టాలి. అంగడికి పంపగలిగే నిండు డబ్బాలెన్ని? 5 మాత్రమే.

డబ్బాల్లో పెట్టాక ఇంట్లో పిల్లలకు మిగిలే లడ్డూలెన్ని? 3.

48 రూపాయలు తొమ్మిదిమంది సమానంగా పంచుకోవాలి. తలా 5 రూపాయలు వచ్చాక ఉన్న 3 రూపాయల సంగతి వాళ్లనే తేల్చుకోమనండి. చాక్లెట్లు కొని పంచుకుంటామనేవాళ్లు, పైసలుగా విడగొట్టాలనేవాళ్లు, ఇద్దరూ ఆలోచిస్తున్నవాళ్లే.

ఆరు, ఐదు, మూడు. భాగాహారం ఒకటే, జవాబు కథను బట్టి మారింది. దీని మీద ఒక వారం గడిపినా నష్టం లేదు.

తప్పు జవాబు దొరికితే

403లోంచి 178 తీయమంటే 375 రాసే పిల్లలున్నారు. ఎర్రపెన్నుతో అడ్డగీత కొట్టేముందు ఆ జవాబు ఎలా వచ్చిందో చూడండి. మూడులోంచి ఎనిమిది పోదు, అందుకని ఎనిమిదిలోంచి మూడు తీసి 5 పెట్టాడు. సున్నాలోంచి ఏడు పోదు, 7 అలాగే దింపాడు. నాలుగులోంచి ఒకటి, 3. ప్రతి గడిలోనూ పెద్దదాంట్లోంచి చిన్నది తీశాడు. వాడికో నియమం ఉంది, దాన్నే తప్పకుండా పాటించాడు. అప్పు తెచ్చుకోవడం మళ్లీ మొదటినుంచి చెప్పడానికి ముందు, "375 రూపాయలకు 178 కలిపి చూడు, 403 వస్తుందా?" అనండి. 553 వస్తుంది. నియమం పనిచేయలేదని వాడికే తెలిసిపోతుంది.

తరువాత కిరాణా కొట్టులో చిల్లర ఇచ్చినట్టు చేయించండి. 178కి 2 వేస్తే 180, ఇంకో 20 వేస్తే 200, ఇంకో 203 వేస్తే 403. వేసినవన్నీ కలిపితే 225. ఇలా చేసినదాన్ని, అప్పు పద్ధతిలో చేసినదాన్ని పక్కపక్కన పెట్టి రెండూ ఒకటే ఎందుకయ్యాయో అడగండి.

ఒక్కటి మరిచిపోకండి. "ఎలా చేశావు?" అని జవాబు తప్పయినప్పుడే అడిగితే, ఆ మాట వినగానే పిల్లలు చెరిపేస్తారు. ఒప్పయినప్పుడూ అడగండి. హంగేరీలో పుట్టిన గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే లెక్క సాధించడానికి నాలుగు దశలు చెప్పాడు: అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, చేయడం, చేసినదాన్ని వెనక్కి తిరిగి చూడడం. మన ఇళ్లలో నాలుగోది దాదాపు జరగదు, జవాబు రాగానే పుస్తకం మూసేస్తాం.

అన్నీ వెతికామని ఎలా తెలుస్తుంది

వారానికొకసారి ఒకటికంటే ఎక్కువ జవాబులున్న లెక్క ఇవ్వండి. "2, 5, 10 రూపాయల బిళ్లలు ఎన్నైనా ఉన్నాయి. సరిగ్గా 20 రూపాయలు ఎన్ని రకాలుగా ఇవ్వచ్చు?" మొదట తోచింది తోచినట్టు చెబుతారు, చెప్పిందే మళ్లీ చెబుతారు. "అయిపోయాయా?" అంటే "అయిపోయాయి", "ఎలా తెలుసు?" అంటే మౌనం. అప్పుడు పెద్ద బిళ్లతో మొదలుపెట్టించండి. పది రూపాయల బిళ్లలు రెండైతే ఒక్కటే దారి. పది బిళ్ల ఒకటైతే మిగతా పదికి రెండు దారులు: ఐదు రెండ్లు, లేదా రెండు ఐదులు. పది బిళ్ల లేకపోతే మూడు: పది రెండ్లు, ఐదు రెండ్లతో రెండు ఐదులు, నాలుగు ఐదులు. మొత్తం ఆరు. ఐదు రూపాయల బిళ్ల ఒకటో మూడో ఎందుకు పడవని అడిగితే సరి, బేసి సంగతి దానంతటదే వస్తుంది. రెండు బేసి సంఖ్యలు కలిపితే సరి ఎందుకవుతుందో గింజలు జతలుగా పెట్టి చూపించమనండి. ఒక్కో కుప్పలో ఒంటిగా మిగిలిన గింజలు రెండూ జతకడతాయి.

మిరప ఏరడానికి పోయినప్పుడు

జనవరి తరువాత మా వైపు నుంచి ఎన్నో కుటుంబాలు మిరప ఏరడానికి తెలంగాణకు పోతాయి. కొందరు పిల్లలు వెంట పోతారు, కొందరు నానమ్మల దగ్గర ఉండిపోతారు. ఈ రెండు మూడు నెలల్లో చాలా జారిపోతుంది, నాకు అన్నిటికంటే దిగులు దీనిమీదే. బాపు దగ్గర ఫోన్ ఉంటే రాత్రిపూట ఒక లెక్క వాయిస్ మెసేజ్‌గా పంపండి. పంపేటప్పుడూ పద్ధతి అదే: మొదటి మెసేజ్‌లో అంకెలు లేని కథ, బిడ్డ అడిగాకే అంకెలు. రాసిన కాగితం ఫొటో అడగకండి, ఎలా చేశారో నోటితో చెప్పి పంపమనండి. చేనులో కూర్చున్న పిల్లకు కాగితం లేకపోయినా మిరపకాయలుంటాయి.

మొదటి వారానికి ఈ లెక్క పంపి చూడండి: "అమ్మ రెండు రోజుల్లో కలిపి 90 కిలోలు ఏరింది. రెండోరోజు మొదటిరోజు కంటే 10 కిలోలు ఎక్కువ. ఏ రోజు ఎంత?" 45, 55 అని వస్తే రెండూ కలపమనండి, 100 అవుతుంది. 80, 10 అని వస్తే రెండింటి మధ్య తేడా అడగండి. రెండు పట్టీలు గీసి, పొడుగు పట్టీలో ఎక్కువున్న 10 పక్కకు పెడితే మిగిలిన 80 రెండు సమాన పట్టీలు. 40, 50. తరువాత అమ్మ ఆ రెండు రోజుల్లో నిజంగా ఏరిన కిలోలడిగి, అలాంటి లెక్కే ఒకటి మీకోసం తయారుచేసి పంపమనండి.